కాశీ పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన కార్యదర్శిగారు కొన్ని దినముల క్రిందట నన్ను కలిసికొని, ఈ సభలో శ్రీనాథుని కాశీఖండమును గూర్చి ప్రసంగింపుమని కోరిరి. నేను ఏ పాఠశాలలోను సంస్కృతాంధ్రములు చదివినవాడను కాను. పగలు రైసుమిల్లులోను, కొబ్బరి వర్తకుల కొట్లలోను చిట్టా ఆవర్జాలు వ్రాసి, రాత్రులు ఈ గ్రంథాలయపు బల్లమీద నిఘంటువును ప్రక్కన పెట్టుకొని కావ్యములు కూడబలుకుకొన్నవాడను. అట్టివాడు కాశీఖండమును వ్యాఖ్యానింప బూనుట సాహసమగును. అందుచేత కాశీఖండమునకు బదులు కాశీ పద్దును గూర్చి చెప్పెదనని మనవి చేసికొంటిని. వారు నవ్వి అంగీకరించిరి. అది యే గ్రంథమని మీరడుగవచ్చును. అది అచ్చుపడిన గ్రంథము కాదు. మా తండ్రిగారి సొంత ఖర్చుల పుస్తకములోని ఒక పద్దు.

మా తండ్రిగారు ఈ గ్రామమునకు కరణముగా నుండిరని పెద్దలకు తెలియును. ఊరి లెక్క ఎంత శుభ్రముగా వ్రాసెడివారో ఇంటి లెక్కయు అంత శుభ్రముగా వ్రాసెడివారు. ఎర్రగుడ్డ అట్టతో నున్న ఆ పుస్తకము నా యొద్ద నున్నది. అందు 1979 సంక్రాంతినాడు ‘కాశీ’ అను పేర ఒక పద్దు తెరువబడినది. జమ 51 రూపాయలు. మా అమ్మను కాశికి తీసికొనిపోయి, అక్కడ తొమ్మిది రాత్రులు నిద్రచేసి రావలెనని ఆయన సంకల్పము. కొబ్బరికాయల సొమ్ము వచ్చినప్పుడెల్ల కొంత, దాళ్వా కుప్ప నూర్చినప్పుడెల్ల కొంత ఆ పద్దునకు చేరుచు వచ్చినది.

1984 జనవరిలో ప్రభుత్వము గ్రామోద్యోగములను రద్దు చేసెను. ఆ నిర్ణయపు మంచిచెడ్డలు చెప్పుటకు నేను చాలను. మా యింట మాత్రము విశ్రాంత జీవితము ఒక ఉదయమున చెప్పకుండ వచ్చి గుమ్మములో కూర్చుండెను. తండ్రిగారికప్పటికి నలువదియెనిమిదేండ్లు. నాటినుండి ఆ పద్దులో ఖర్చు వైపున అంకెలు కనబడుచున్నవి. 1988లో మా చెల్లెలి పెండ్లికి కొంత. 1991లో నా అకౌంటెన్సీ పరీక్ష రుసుమునకు కొంత. 1996 నవంబరు తుపానులో మన కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమైన సంగతి మీరెవ్వరును మరచియుండరు. అప్పుడు ఇంటి పెంకు నేయించుటకు కొంత. ప్రతి అంకె ప్రక్కను ‘కాశీ నుండి అప్పు’ అని ఆయన స్వహస్తముతో వ్రాసియున్నది. ఆ అప్పులలో ఒక్కటియు తిరిగి జమకాలేదు.

ప్రతి కార్తికమాసమునందు మా అమ్మ “ఈ ఏడైనా వెళ్తామా అండీ?” అని అడిగెడిది. “వచ్చే ఏడు తప్పకుండా” అని ఆయన బదులు చెప్పెడివారు. అది అబద్ధము కాదు, చెప్పినప్పుడెల్ల నిజముగనే అనుకొని చెప్పెడివారు. 2006లో మా అమ్మ కాలము చేసెను. అప్పటికి ఆ పద్దులో నిలవ 6,140 రూపాయలు. తండ్రిగారి మోకాళ్లు అప్పటికే పనిచేయుట మానినవి. “ఆ సొమ్ము తీసుకొని నువ్వు వెళ్లిరా నాయనా” అనిరి. నేను అస్థికలతో కాశికి పోయి వచ్చితిని. తిరిగి వచ్చిన మరునాడు ఆయన పుస్తకము తెప్పించుకొని, కళ్లజోడు సరిచేసికొని, చివరి పంక్తి వ్రాసిరి: ‘కాశీ ఖర్చు 6,140. నిలవ లేదు.’

నాకిప్పుడు ఏబదియెనిమిదేండ్లు. ఊరిలో సగము మందికి పింఛను కాగితములు నింపి యిచ్చిన నాకు పింఛను లేదు. ఈ సభలో కూర్చున్న వర్తకులకు, కౌలురైతులకు, తాపీమేస్త్రులకు, కుట్టుపని వారికి కూడ లేదు. మనకు మనమే పింఛను ఏర్పరచుకొనవలెను. అది ఎట్లని రెండేండ్లుగా నేను, నా భార్య రాత్రులు కూర్చుండి లెక్క వేయుచున్నాము. ఆ లెక్కనే మీ ముందు పెట్టుచున్నాను. తప్పున్నచో సభానంతరము దిద్దుడు.

ఈ లెక్క వేయుచున్న కాలముననే తిక్కన సోమయాజి ఆశ్రమవాసపర్వమును మరల చదివితిని. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు ధర్మరాజు నీడను పదునైదేండ్లు గడపెను. లోపమేమియు లేదు, భోజనము, పరిచర్య, గౌరవము అన్నియు కలవు. అయినను తాను అడవికి పోదలచి, పోవుటకు ముందు భీష్మద్రోణాదులకును, తన కుమారులకును శ్రాద్ధము పెట్టి దానములు చేయుటకు ధనము కావలెనని విదురునిచే అడిగించెను. భీముడు కూడదనెను. అర్జునుడు అన్నను శాంతింపజేయ ప్రయత్నించెను. ధర్మరాజు తన భాండారము నుండియు, అర్జునుని ధనము నుండియు ఇచ్చెదనని చెప్పి పంపెను. ధనము అందినది, కార్యము నెరవేరినది. కాని ఒకనాడు హస్తినాపురమునంతయు ఏలినవాడు, వెళ్లిపోవుటకు కావలసిన ఖర్చునకు తమ్ముని నోట అడిగింపవలసి వచ్చెను గదా! ఆ ఘట్టమును పూర్వము చదివినప్పుడు భీముని కాఠిన్యమే నాకు కనబడెడిది. ఈమారు ఆ ముసలివాని రిక్తహస్తము కనబడినది. (ధృతరాష్ట్రుడు తన కష్టములను తానే కొని తెచ్చుకొన్నవాడని మన తెలుగు మాస్టరుగారు ఆక్షేపింపవచ్చును. ఒప్పుకొందును.)

ఇక ఇంటి సంగతి. మాది తాతగారు కట్టించిన మండువా లోగిలి. పదునొకండు గదులు, నాలుగు వైపుల వసారాలు. కాపురముండునది ఇద్దరము. ఏటేట పెంకు సర్దించుట, సంక్రాంతికి సున్నము, చెదకు మందు, వానకాలమున మండువాలో నీరు పోవు తూము బాగుచేయుట. ఇల్లు మమ్ము కాపాడుటకు బదులు మేమే ఇంటిని కాపాడుచుంటిమి. నేను ఖర్చు వ్రాసి చూడగా, మా యిద్దరి భోజనమునకు అగుదానిలో ఇంచుమించు సగము ఆ యింటి పైకప్పు తినుచున్నది. కనుక తూర్పు భాగమును స్థలముతో సహా అమ్మి, పడమటి వైపునున్న మూడు గదులను, వంటయిల్లును, నూతిని, ఒక మామిడిచెట్టును ఉంచుకొనుటకు నిశ్చయించితిని.

నిశ్చయించుట నాకు సులభమైనది. నా భార్యకు కాదు. పురుషులమైన మనము గదులను లెక్కింతుము. వారు ఏ గదిలో ఏమి జరిగినదో లెక్కింతురు. తూర్పు గదిలోనే మా యిద్దరు పిల్లలు పుట్టిరి. అటకమీద గుండిగలు, గంగాళము, ఆవకాయ జాడీలు తొమ్మిది, పెండ్లిపీటలు, గాదెలో ఎప్పుడో ఖాళీయైన ధాన్యపు వాసన. “ఇవన్నీ ఎవరికోసం ఉంచావు?” అని నేనడిగితిని. “ఎవరైనా వస్తే” అనెను. నేను మరి మాట్లాడలేదు. ఆ మాట తరువాత నాలుగు మాసములు ఆ ప్రసక్తియే తేలేదు. ఈ పనిలో తొందర పనికిరాదని నాకు అనుభవమైనది. చివరకు ఒక ఆదివారమునాడు ఆమెయే అటకమీది సామాను దింపించి మూడు కుప్పలుగా వేసెను: ఉంచుకొనునవి, పిల్లలకిచ్చునవి, అమ్మునవి. జాడీలలో రెండు ఉంచుకొన్నది. అంతలో నా వైపు తిరిగి, “మరి మీ పుస్తకాలో?” అనెను.

దానికి బదులు చెప్పలేకపోతిని. అందుచేతనే మా తండ్రిగారివియు, నావియు కలిపి 312 పుస్తకములు ఇప్పుడు ఈ గ్రంథాలయములో కిటికీ ప్రక్కనున్న బీరువాలో నున్నవి. తిక్కన సంపుటములు మాత్రము ఇవ్వలేదు. కార్యదర్శిగారు అడుగవద్దని ప్రార్థన. పుస్తకములు పోయినవని మొదట మనసునకు వెలితిగా నుండెను. ఇప్పుడు సాయంకాలము ఇక్కడకు వచ్చి, అవే పుస్తకములను సంతకముచేసి తీసికొనిపోవుచున్నాను. మా యింట నున్నప్పుడు సంవత్సరములకొలది ఎవ్వరును ముట్టని వాసిష్ఠ రామాయణమును ఇక్కడ ఆరునెలలలో నలుగురు చదివినట్లు రిజిస్టరు చెప్పుచున్నది.

తూర్పు భాగమునకు తొమ్మిది లక్షలు వచ్చినవి. నా పొదుపు ఎనిమిది లక్షలు. మొత్తము పదునేడు. ఇందు రెండు లక్షలు జబ్బులకొరకు వేరుగా నుంచితిమి. దానిని మరి దేనికిని ముట్టరాదని ఒప్పందము. మిగిలిన పదునైదు లక్షలు, నాకు అరువది నిండిన పిమ్మట, తపాలా కార్యాలయములోని వయోవృద్ధుల పొదుపు పథకములో వేయదలచితిని. 2004లో ప్రారంభమైన ఈ పథకములో ఒక్కొక్కరు దాచుకొనదగిన గరిష్ఠ మొత్తమును 2023లో పదునైదు లక్షలనుండి ముప్పది లక్షలకు పెంచిరి. అదే సంవత్సరము ఏప్రిలు నుండి వడ్డీ 8.2 శాతముగా నిర్ణయింపబడినది. రేటును ప్రభుత్వము మూడు మాసములకొకమారు ప్రకటించును. చేరిననాటి రేటు మాత్రము అయిదేండ్లు మారదు. 8.2 లెక్కన పదునైదు లక్షలకు మూడు మాసములకు 30,750, అనగా నెలకు 10,250 రూపాయలు. నేను చేరునాటికి రేటు తగ్గియుండవచ్చును. తగ్గినచో మా పప్పుబియ్యములు కూడ కొంత తగ్గును.

రెండవది, రెండెకరముల పల్లపు భూమి. ఎకరమునకు ఏటికి ఇరువదియైదు బస్తాల కౌలు, వెరసి ఏబది బస్తాలు. 2024-25లో సాధారణ రకపు ధాన్యమునకు కేంద్రము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300; డెబ్బదియైదు కిలోల బస్తాకు 1,725. ఏబది బస్తాలకు 86,250, నెలకు ఇంచుమించు 7,190. రెండును కలిపిన 17,440. మా యిద్దరి ఖర్చు, మందులతో సహా, నెలకు 14,500. మిగులు మూడువేలకు కొంచెము తక్కువ.

ఈ రెండెకరముల విషయముననే మా యింట కష్టము వచ్చినది. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. మంచివాడు, నా బిడ్డడని చెప్పుట కాదు. వాడు ఫ్లాటు కొనదలచి, “నాన్నగారూ, ఆ రెండెకరాలు అమ్మేసి మొదటి కంతు కట్టేద్దాం. మీరూ అమ్మా మా దగ్గరకే వచ్చెయ్యండి. ఆ కౌలు ఏం కౌలు? అమ్మిన సొమ్ము బ్యాంకులో వేసినా దానికి ఎన్నో రెట్లు వడ్డీ వస్తుంది” అనెను. లెక్క తెలిసినవాడనుగా ఒప్పుకొనవలెను: వాని లెక్క నిజము. నేటి భూమి వెలను చూచినచో కౌలు నూటికి రెండు రూపాయలైనను రాదు.

అయినను నేను అమ్మనంటిని. నా కారణములు రెండు. ధాన్యము మద్దతు ధర 2004-05లో క్వింటాలుకు 560. 2014-15లో 1,360. 2024-25లో 2,300. ఇరువదేండ్లలో నాలుగు రెట్లయినది. వడ్డీ సొమ్ము ఉన్నచోటనే ఉండును; బస్తాలలో వచ్చు కౌలు ధరలతోపాటు లేచును. నేను ఎనుబదేండ్లు బ్రదుకుట తటస్థించినచో నాటి బియ్యపు ధరకు నేటి వడ్డీ చాలదు. ఇది దోషములేని వాదమని చెప్పను. 2011లో గిట్టుబాటు లేక మన కోనసీమ రైతులు సార్వాకు పంట విరామము ప్రకటించిరి. ఆ యేడు ఎందరికో కౌలు గింజ రాలేదు. ముంపు వచ్చిన సంవత్సరమున కౌలుదారుని పీడించి గింజ కొలిపించుకొనుట మనుష్యధర్మమును కాదు. అందుచేతనే సగము అక్కడ, సగము ఇక్కడ.

రెండవ కారణము వానితో చెప్పలేదు. ఇక్కడ చెప్పుచున్నాను, వాడు ఈ సంచిక చదువునుగాక. మా తండ్రిగారి కాశీ పద్దు నగదు గనుక కరిగిపోయినది. దానిని ఎవ్వరును దోచుకొనలేదు. చెల్లెలి పెండ్లి, నా చదువు, ఇంటి కప్పు. వద్దనదగిన ఖర్చు అందులో ఒక్కటియు లేదు. చేతికందునట్టి సొమ్మును మనకు ప్రియమైనవారి అవసరమునకు ఇవ్వకుండ ఎట్లుందుము? నేను ఆయన కుమారుడను. నా చేయియు అట్టిదే. భూమి అట్లు కాదు. అమ్మవలెనన్న బేరము, దస్తావేజు, రిజిస్ట్రారు కార్యాలయము, ఇంతలో నాలుగు దినములు గడచును, ఆలోచన వచ్చును. వడ్డీ తక్కువైన మాట నిజమే. ఆ తక్కువైనది నా మెతకదనమునకు నేను చెల్లించుకొను కట్నము.

వాడు రెండు మాసములు ఫోను చేయలేదు. తల్లితో మాట్లాడెడివాడు, నన్నడిగెడివాడు కాడు. ఆ రెండు మాసములు నేను ఎన్నిమార్లు దస్తావేజుల పెట్టె తెరచితినో నా భార్యకు తెలియును. ఉగాదికి కోడలిని, పిల్లను తీసికొని వచ్చెను. భూమి మాట ఎత్తలేదు. పిల్లను నూతివద్దకు తీసికొనిపోయి గిలక చూపించుచుండగా విని, నేను వరండాలోనే కూర్చుండిపోతిని. ఫ్లాటు చిన్నది చూచుకొన్నాడు.

ఆస్తిని పిల్లలపేర బ్రదికియుండగనే వ్రాయదలచినవారు ఇక్కడ కొందరున్నారు కనుక ఒక్కమాట. వీలునామా మన తరువాతనే అమలగును, ఎన్నిమార్లయినను మార్చుకొనవచ్చును. దానపత్రము వ్రాసి రిజిస్టరు చేసిననాడే సొత్తు చేయిదాటును. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. మమ్ము పోషింపవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, పోషింపనిచో రద్దు చేయించుకొనుటకు దాని 23వ సెక్షను వీలు కల్పించుచున్నది. అయితే ఆ షరతు ఉన్నట్లు చూపవలెనని 2022లో సుప్రీంకోర్టు చెప్పినది. 2025 జనవరిలో మరియొక తీర్పున ఆ చట్టమును వృద్ధులయెడ ఉదారముగా అన్వయింపవలెననియు చెప్పినది. కోర్టుల ఔదార్యమును నమ్ముకొనుటకంటె దస్తావేజులో ఒక పంక్తి అదనముగా వ్రాయించుట చవుక. వ్రాయుటకు మొగమాటపడకుడు; మంచి బిడ్డలు దానిని తప్పుగా ననుకొనరు.

చేబదుళ్ల సంగతి త్వరగా ముగింతును, ఏలయన అందు నా సిగ్గు కలదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అను ఆశతో నేను ఒక మిత్రునకు లక్షన్నర ఇచ్చి ప్రోనోటు వ్రాయించుకొంటిని. ఊరందరి నోట్ల తేదీలు గుర్తుచేయువాడను, నా నోటునకు మూడేండ్లు దాటి కాలదోషము పట్టిన సంగతి గమనింపనైతిని. బ్యాంకులో వేసికొనువారు కూడ, ఒక బ్యాంకులో ఒక మనిషికి అయిదు లక్షలవరకే బీమా యుండునని 2020లో వచ్చిన మార్పును జ్ఞాపకముంచుకొనుడు. అంతకు పూర్వము అది లక్ష మాత్రమే.

ఇక యాత్ర. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రా చరిత్ర మన బీరువాలో నున్నది, చదువనివారు చదువుడు. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చెను. పదునైదు మాసములకు పైబడిన ప్రయాణము. వెంట నూరుగురు పరివారము, డేరాలు, బోయీలు. నాకు ఆ వైభవముకంటె ఒక తేదీ ఎక్కువగా పట్టినది. ఆయన ఉద్యోగము విడిచినపిమ్మట యాత్రకు పోలేదు. ఉద్యోగములో నుండగనే సెలవు తీసికొని పోయెను. 1836లో ఆయన కాలధర్మము నొందెను. పనులన్నియు తీరిన పిదప పోదమని కూర్చున్నచో మనకు ఆ పుస్తకము దక్కెడిది కాదు.

కనుక అరువది నిండువరకు ఆగక, మిల్లు యజమానిగారిని పదునైదు దినముల సెలవు అడిగితిని. ముప్పది మూడేండ్లలో నేనడిగిన మొదటి పెద్ద సెలవు. ఆయన మొదట నా ఆరోగ్యమునకేమయ్యెనోయని భయపడిరి. రైలు ఛార్జీలో వృద్ధులకుండిన రాయితీ 2020 మార్చిలో నిలిపివేయబడినది గనుక పూర్తి ఛార్జీయే లెక్క వేసికొంటిమి. చార్‌ధామ్, రామేశ్వరము అన్నియు ఒక్కమారు చుట్టివచ్చు యాత్రా బస్సులు కలవు. అవి మాకు వద్దు. ఏటికొక్క చోటు, మిగులు సొమ్ములో సరిపోయినంత దూరము. 2027లో గోదావరి పుష్కరములు మన గుమ్మములోనికే వచ్చును. ఆ యేడు ప్రయాణపు ఖర్చు లేదు, బంధువుల ఖర్చు కలదు.

కాశిలో ఒక కాయను, ఒక పండును విడిచి రావలెనని ఆచారము. సాధారణముగా జనులు తమకు రుచింపని కాకరకాయను విడిచి పుణ్యము కట్టుకొందురు. “మీరేం వదులుతారు?” అని నా భార్య అడిగెను. మామిడిపండన్నాను. “మరి చెట్టు ఉంచుకున్నారుగా” అనెను. ఆలోచించుచున్నాను.

ఆ ఎర్రగుడ్డ పుస్తకములో తండ్రిగారి చివరి పంక్తి క్రింద కాగితము ఖాళీగా నున్నది. కొత్త పుస్తకమెందుకని అక్కడనే మొదలుపెట్టితిని. అటకమీది ఇత్తడి గంగాళమును తూకమునకు అమ్మగా వచ్చిన 6,300 రూపాయలను నా భార్య తన చేతితో వ్రాసెను: ‘కాశీ. జమ.’ రానున్న మాఘమాసమునకు రెండు టిక్కెట్లు తీయబడినవి. నా పేర గ్రంథాలయములో రెండు పుస్తకములున్నవి. బయలుదేరుటకు ముందే వానిని తిరిగి యిచ్చెదనని కార్యదర్శిగారికి మనవి చేయుచున్నాను.